సింక్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటే హార్డ్ డిస్క్ అరిగిపోతుందా?

భీమవరం_స్టూడియో
సోమవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. మాది భీమవరంలో చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం. సీజన్‌లో నెలకు ఆరు పెళ్లిళ్లు వస్తాయి. ఒక్కో పెళ్లికి ఫోటోలు, వీడియో కలిపి 120 జీబీ దాకా అవుతుంది.

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక డిస్క్ పోయింది. అందులో ఒక పెళ్లి మొత్తం ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. ఆ అమ్మాయి నాన్నగారు స్టూడియోకి వచ్చి ఏమీ అనకుండా పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయారు. ఆయన తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. మళ్లీ అలా జరగకూడదని నాలుగు నెలల కిందట సింక్‌థింగ్ (ఒకే ఫోల్డర్‌ని వేర్వేరు కంప్యూటర్లలో ఎప్పుడూ ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాను. స్టూడియో కంప్యూటర్‌లో 4 టీబీ డిస్క్, ఇంట్లో కంప్యూటర్‌లో ఇంకో 4 టీబీ, పాలకొల్లులో ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడి దగ్గర పాత ల్యాప్‌టాప్‌కి తగిలించిన 2 టీబీ పోర్టబుల్ డిస్క్. మూడింటిలో ఒకటే ఫోల్డర్. మొత్తం 1.6 టీబీ, దాదాపు 1,40,000 ఫైళ్లు.

పని బాగానే జరుగుతోంది. కానీ స్టూడియోలో ఎవరూ పని చేయకపోయినా డిస్క్ కటకట అంటూ ఉంటుంది. పాలకొల్లు కుర్రాడేమో తన పోర్టబుల్ డిస్క్ ఎప్పుడూ వెచ్చగా ఉంటోందని, ఉండుండి టిక్కుమంటోందని చెప్పాడు. మా బావగారికి కంప్యూటర్ రిపేర్లలో అనుభవం ఉంది. "డిస్క్‌కి విశ్రాంతి ఇవ్వకుండా తిప్పుతున్నావు, ఏడాదిలో మూడూ ఒకేసారి అరిగిపోతాయి" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

సింక్ ఆపేసి, రోజూ రాత్రి చేత్తో కాపీ చేసుకోవడం మంచిదా? తెలిసినవాళ్లు చెప్పండి.


సర్వర్_గది
సోమవారం, రాత్రి 11:35

ముందు ధైర్యంగా ఉండండి. చేత్తో కాపీ చేసే పద్ధతికి మాత్రం వెళ్లొద్దు. పెళ్లి షూట్ చేసి తెల్లవారుజామున ఇంటికొచ్చిన రోజు ఎవరూ కాపీ చేయరు. డిస్క్ పోయేది సరిగ్గా అలాంటి రోజునే.

హార్డ్ డిస్క్‌లో చదివే, రాసే హెడ్, డేటా ఉండే గుండ్రటి పళ్లేనికి తగలదు. పళ్లెం తిరిగే వేగానికి ఏర్పడే గాలి పొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు అనుకుంటే అది ఎంత దగ్గరో ఊహించుకోండి. అంత దగ్గరగా ఉన్నా తగలదు కాబట్టి, గ్రామఫోన్ రికార్డు సూదికి అరిగినట్టు ఇక్కడ చదవడం వల్ల, రాయడం వల్ల అరిగేది ఏమీ లేదు. పళ్లెం తిరిగే బేరింగ్ కూడా ఇప్పుడు పలుచని నూనె పొర మీద తిరిగేదే, పాతకాలం గుళ్ల బేరింగ్ కాదు.

ఇక సింక్ ఏం చేస్తుందో చూద్దాం. ఫైల్ మారగానే ఆ సంగతి విండోసే సాఫ్ట్‌వేర్‌కి చెబుతుంది. అది పది సెకన్లు ఆగి ఆ ఒక్క ఫైల్‌ని చదువుతుంది. ఇది కాక గంటకొకసారి ఫోల్డర్ మొత్తం చూస్తుంది. అయితే 1.6 టీబీ మొత్తం చదువుతుందని అనుకోకండి. ప్రతి ఫైల్ సైజు, మార్చిన తేదీ మాత్రమే చూస్తుంది. ఆ రెండూ మారకపోతే లోపల ఏముందో ముట్టుకోదు. తన లెక్కలు రాసుకునే డేటాబేస్ కూడా మామూలుగా సీ డ్రైవ్‌లో ఉంటుంది, మీ ఫోటోల డిస్క్‌లో కాదు.

మీ కటకట శబ్దం సింక్‌ది కాకపోవచ్చు. టాస్క్ మేనేజర్‌లోంచి రిసోర్స్ మానిటర్ తెరిచి, డిస్క్ ట్యాబ్‌లో ఏ ప్రోగ్రామ్ చదువుతోందో చూడండి. నా అనుమానం యాంటీవైరస్ మీద, విండోస్ సెర్చ్ ఇండెక్సింగ్ మీద.


ఎడిసన్_గుంటూరు
మంగళవారం, ఉదయం 7:10

నేను న్యూజెర్సీలో ఉంటాను. గుంటూరులో అమ్మావాళ్ల ఇంట్లో ఒక నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) పెట్టి, ఇక్కడి నాస్‌తో ఐదేళ్లుగా సింక్ చేస్తున్నాను. పిల్లల ఫోటోలు, నాన్న పాత ఉత్తరాల స్కాన్‌లు అన్నీ అందులోనే. మీ భయం నాకూ ఉండేది, అందుకే అప్పట్లో చాలా చదివాను.

2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పేపర్ రాశారు. ఎక్కువ వాడిన డిస్కులు ఎక్కువగా పోతాయని అందరం అనుకుంటాం కదా. మరీ కొత్త డిస్కుల్లో, మరీ పాతబడిన డిస్కుల్లో తప్ప ఆ సంబంధం వాళ్లకు సరిగ్గా కనిపించలేదు. వేడి విషయంలో కూడా అనుకున్నంత తేడా రాలేదు కానీ, మూడేళ్లు దాటిన డిస్కుల్లో మాత్రం 45 డిగ్రీలు మించితే నష్టం స్పష్టంగా కనిపించింది. బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ 2013 నుంచి తన డిస్కుల లెక్కలను బయట పెడుతోంది. అవి 24 గంటలూ తిరిగే డిస్కులు. ఈ మధ్య సంవత్సరాల్లో ఏడాదికి నూటికి ఒకటి, రెండు మధ్యలో పోతున్నాయి, అంతే.

అయితే సర్వర్_గది గారూ, "అరిగేది ఏమీ లేదు" అన్న మాటకు నేను ఒప్పుకోను. కంపెనీలే ఏడాదికి ఇంత పని అని ఒక హద్దు రాస్తున్నాయి. మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌కి 55 టీబీ, నాస్ డిస్క్‌కి 180 టీబీ, పెద్ద సర్వర్ డిస్కులకు 550 టీబీ. రాసిందే కాదు, చదివింది కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఎందుకంటే చదివేటప్పుడు, రాసేటప్పుడు హెడ్ కొనను చిన్న హీటర్‌తో వేడి చేసి, ఉబ్బేలా చేసి, పళ్లేనికి ఇంకా దగ్గరగా దించుతారు. పని ఎక్కువైతే ఆ దగ్గరితనంలో గడిపే సమయం ఎక్కువవుతుంది.

స్టూడియో అన్నయ్యగారి లెక్క వేసి చూశాను. నెలకు ఆరు పెళ్లిళ్లు, 120 జీబీ చొప్పున 720 జీబీ. ఏడాదంతా సీజనే అనుకున్నా 8.6 టీబీ. కార్డులోంచి రాయడం ఒకసారి, సింక్ గుర్తుపట్టడానికి చదవడం ఒకసారి, ఇద్దరికి పంపడానికి ఒకటి రెండుసార్లు. ఎంత చూసినా 35 టీబీ దాటదు. హద్దులోపలే ఉన్నారు.

మా అమ్మావాళ్ల నాస్ మొదట అటక మీద ఉండేది. మే నెలలో డిస్క్ 58 డిగ్రీలు చూపించింది. హాల్లోకి దించి, ఫ్యాన్ గాలి తగిలేచోట పెట్టించాక ఇప్పుడు 44 దాటడం లేదు. నేను సింక్ గురించి మానేసి వేడి గురించి ఆలోచించడం మొదలుపెట్టింది అప్పటి నుంచే.


హాస్టల్_రూమ్_14
మంగళవారం, ఉదయం 9:25

నాదీ ఒక డౌట్ అన్నా, ఇక్కడే అడుగుతున్నా. నా ల్యాప్‌టాప్‌లో 250 జీబీ ఎస్‌ఎస్‌డీ (పళ్లేలకు బదులు చిప్‌లలో డేటా దాచే డిస్క్) ఉంది. ప్రాజెక్ట్ కోసం వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) వాడుతున్నాను. ఆ ఫోల్డర్‌ని ల్యాబ్ సిస్టమ్‌తో సింక్ పెట్టాను, అక్కడా ఎస్‌ఎస్‌డీయే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ ఉండదు కాబట్టి అసలు సమస్యే ఉండదు కదా?


సీటీసీ_మెకానిక్
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పద్దెనిమిదేళ్లుగా డేటా రికవరీ పని చేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే డిస్కుల్లో ఎక్కువ భాగం చేతిలోంచి కింద పడినవి. ఆ తర్వాత, 12 వోల్ట్‌ల అడాప్టర్ పెట్టాల్సిన డిస్క్‌కి ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ పెట్టేయడం వల్ల బోర్డు మాడిపోయినవి. ఆ తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉన్న ఇళ్ల నుంచి వచ్చేవి. చదివి చదివి అరిగిపోయిన డిస్క్ ఇదీ అని నేను వేలుపెట్టి చూపించగలిగింది ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

అయినా పైన ఇద్దరూ చెప్పినదాంతో నేను తృప్తి పడను. పాలకొల్లు డిస్క్ టిక్కుమంటోందన్నారు కదా, నాకు అదే ముఖ్యం. పోర్టబుల్ డిస్క్ తత్వం వేరు. రీడింగులు చూడకుండా ఏమీ అనను.

స్టూడియో గారూ, మూడు చోట్లా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం రీడింగులు చూపించే ప్రోగ్రామ్) వేయండి. ఒక జాగ్రత్త: అందులో చివరి కాలమ్ నంబర్లు మామూలు అంకెల్లో ఉండవు, హెక్సాలో ఉంటాయి. మెనూలో రా వాల్యూస్ దగ్గరికి వెళ్లి 10తో ఉన్న డెసిమల్ ఎంచుకోండి. తర్వాత ఈ వరుసలు రాసి పంపండి: 05 (చెడిపోయి మార్చేసిన సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న గదులు), 09 (నడిచిన గంటలు), సీ0, సీ1, సీ2 (వేడి), సీ5 (చదవడం కష్టమైన సెక్టార్లు), సీ7, ఎఫ్1 (రాసింది), ఎఫ్2 (చదివింది). పాలకొల్లు ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతో, సింక్‌లో రీస్కాన్ ఇంటర్వెల్ (ఎంతసేపటికోసారి ఫోల్డర్ మొత్తం చూడాలన్నది) ఎంత పెట్టారో కూడా చెప్పండి.


లెక్కల_పద్దు
మంగళవారం, సాయంత్రం 6:15

నేను కర్నూలులో అకౌంట్స్ చూస్తాను. డిస్క్ అరగడం గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ సింక్ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు నా సంగతి వినాలి.

మా ఆఫీసులో టాలీ డేటా ఫోల్డర్‌ని రెండు సిస్టమ్‌ల మధ్య సింక్ పెట్టాం. ఒక రోజు కొత్తగా వచ్చిన అమ్మాయి స్థలం చాలడం లేదని 10003 అనే ఫోల్డర్‌ని డిలీట్ చేసింది. అంకెలే తప్ప పేరు లేదు కాబట్టి పనికిరానిది అనుకుంది. టాలీలో ఒక్కో కంపెనీ డేటా అలాంటి అంకెల ఫోల్డర్‌లోనే ఉంటుందని ఆ పిల్లకి ఎవరం చెప్పలేదు. నిమిషంలో రెండో సిస్టమ్‌లోనూ పోయింది. డిస్కులు రెండూ కొత్తవి, ఆరోగ్యంగా ఉన్నవి. మూడు నెలల ఎంట్రీలు బిల్లులు ముందేసుకుని మళ్లీ కొట్టాం. ఆ పిల్ల ఏడుస్తూనే కొట్టింది. తప్పు తనది కాదని నేను ఇప్పటికీ అంటాను.

స్టూడియో గారూ, మీ దగ్గర వర్షనింగ్ (డిలీట్ అయిన, మారిన ఫైళ్ల పాత కాపీలు దాచే ఆప్షన్) ఆన్‌లో ఉందా?


భీమవరం_స్టూడియో
మంగళవారం, రాత్రి 11:20

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత ఓపికగా చెబుతారని అనుకోలేదు. మెకానిక్ గారు అడిగిన రీడింగులు:

స్టూడియో డిస్క్: 05 సున్నా, 09 దగ్గర 11,300, సీ0 40, సీ1 1,900, వేడి 41, సీ5 సున్నా, సీ7 సున్నా. ఎఫ్1, ఎఫ్2 దగ్గర చాలా పెద్ద అంకెలున్నాయి. మీరు చెప్పకపోయినా 512తో గుణించాలని ఎక్కడో చదివి చేశాను. రాసింది సుమారు 31 టీబీ, చదివింది 58 టీబీ వచ్చాయి. డిస్క్ కొని మూడేళ్లయింది.

ఇంటి డిస్క్: 05 సున్నా, 09 దగ్గర 6,200, సీ0 312, వేడి 39, సీ5 సున్నా, సీ7 43.

పాలకొల్లు డిస్క్: సింక్ మొదలుపెట్టేటప్పుడు కొత్తగా కొన్నది. 05 సున్నా, 09 దగ్గర 2,900, సీ1 1,71,000, వేడి 49, సీ5 సున్నా. ఎఫ్1, ఎఫ్2 వరుసలు అందులో లేవు. ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీ. రీస్కాన్ 60 సెకన్లు ఉంది. నేను చూసిన ఒక వీడియోలో, మార్పులను గమనించే ఆప్షన్ తీసేసి 60 పెట్టుకుంటే గ్యారంటీగా పనిచేస్తుందన్నారు. అలాగే పెట్టాను.

వర్షనింగ్ లేదు మేడమ్. మీ పోస్ట్ చదివాక ఇప్పుడు నిద్ర పట్టేలా లేదు.

సర్వర్_గది గారు చెప్పిందే నిజం, స్టూడియోలో కటకట సింక్‌ది కాదు. రిసోర్స్ మానిటర్‌లో పైన యాంటీవైరస్, దాని కింద సెర్చ్ ఇండెక్సర్ ఉన్నాయి.


సీటీసీ_మెకానిక్
బుధవారం, ఉదయం 8:05

దొరికింది. పాలకొల్లు డిస్క్ 1,71,000ని 2,900 గంటలతో భాగించండి. గంటకు 59. అంటే నిమిషానికి ఒకటి. మీ రీస్కాన్ 60 సెకన్లు. రెండు అంకెలూ ఒకదాన్నొకటి పట్టిచ్చాయి.

సీ1 అంటే లోడ్ సైకిల్ కౌంట్. పోర్టబుల్ డిస్క్‌ని మనుషులు జేబులో, బ్యాగులో వేసుకుని తిరుగుతారు కాబట్టి, కాసేపు పని లేకపోతే హెడ్‌ని పళ్లెం మీద నుంచి తీసి పక్కనున్న ప్లాస్టిక్ వాలు మీద పార్క్ చేసేలా తయారు చేస్తారు. కొన్నింటిలో ఎనిమిది పది సెకన్లకే పార్క్ చేస్తుంది. మీ కుర్రాడు విన్న టిక్ అదే. హెడ్ వెళ్లి కూర్చుంటుంది. నిమిషం తిరిగేసరికి సింక్ వచ్చి లక్షా నలభై వేల ఫైళ్ల తేదీలు అడుగుతుంది. ర్యామ్ 8, 16 ఉంటే ఆ వివరాలు మెమరీలోనే నిలిచి ఉండి డిస్క్ దాకా వెళ్లే అవసరం తగ్గేది. 4 జీబీలో ఫోటోషాప్ నడుస్తుంటే ఏమీ నిలవదు. కాబట్టి హెడ్ లేచి వస్తుంది, చదువుతుంది, మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. రోజుకు 1,440 సార్లు.

ఇలా లేచి కూర్చోవడానికి ఒక లెక్క ఉంటుంది. పాత, చవక డిస్కులకు 3 లక్షలు, చాలా పోర్టబుల్ డిస్కులకు 6 లక్షలు. 6 లక్షలే అనుకున్నా ఈ లెక్కన 417 రోజులు, అంటే పద్నాలుగు నెలల్లోపు అయిపోతుంది. ఆ రోజు రాగానే డిస్క్ ఆగిపోతుందని కాదు, ఆ తర్వాతికి కంపెనీ పూచీ ఉండదు. అన్ని సార్లు ఎక్కి దిగిన హెడ్‌ల కింద వాలు అరిగి, ఆ పొడి పళ్లెం మీద పడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

మీ బావగారు అన్నది పూర్తిగా తప్పు కాదు, కారణమే వేరు. మీది గోదావరి జిల్లా కదా, పొలంలో బోరు మోటారు సంగతి మీకు తెలిసే ఉంటుంది. కరెంటు నిలకడగా ఉంటే అది రోజంతా నడిచినా ఏమీ కాదు. నిమిషానికోసారి కరెంటు పోయి వస్తూ స్టార్టర్ పడుతూ లేస్తూ ఉంటే వారంలో వైండింగ్ కాలిపోతుంది. మీ డిస్క్‌కి విశ్రాంతి లేకపోవడం జబ్బు కాదు. నిమిషానికోసారి పడుకోబెట్టి లేపడం జబ్బు.

ఇంటి డిస్క్ గురించి కూడా రెండు మాటలు. సీ0 312 అంటే అన్నిసార్లు కరెంటు హఠాత్తుగా పోయి హెడ్ కంగారుగా వెనక్కి వెళ్లింది. ఇంట్లో యూపీఎస్ లేదనుకుంటాను, ఈ వారమే కొనండి. సీ7 43 డిస్క్ తప్పు కాదు, డేటా కేబుల్ వదులుగా ఉండటం. కేబుల్ మార్చి ఆ అంకె పెరగడం ఆగిందో లేదో చూడండి, అది తగ్గదు. స్టూడియో డిస్క్ చక్కగా ఉంది. మూడేళ్లలో 89 టీబీ, ఏడాదికి 30. దానికి దండం పెట్టి వదిలేయండి.


సర్వర్_గది
బుధవారం, ఉదయం 9:30

మెకానిక్ గారికి నమస్కారం. నేను మొదట చెప్పింది సగమే నిజం. మామూలు సెట్టింగ్‌లు ఉన్నాయనుకుని జవాబు రాశాను, పోర్టబుల్ డిస్క్ సంగతి అడగనే లేదు. ఆ మాట నమ్మి ఆయన ఊరుకుని ఉంటే ఆ డిస్క్ సంగతి ఏడాదికి గానీ తెలిసేది కాదు.

చేయాల్సింది ఇది. పాలకొల్లులో ఫోల్డర్ సెట్టింగ్‌లో మార్పులను గమనించే ఆప్షన్ తిరిగి ఆన్ చేసి, రీస్కాన్ 3,600 పెట్టండి. ఆ వీడియోలో ఎందుకలా చెప్పారో ఊహించగలను. లైనక్స్‌లో ఫోల్డర్లు మరీ ఎక్కువైతే ఒకప్పుడు గమనించే హద్దు 8,192 దగ్గరే ఆగేది, మార్పులు తప్పిపోయేవి. 5.11 కెర్నల్ నుంచి ఆ హద్దు ర్యామ్‌ని బట్టి దానంతటదే పెరుగుతోంది. విండోస్‌లో మీకు ఆ ఇబ్బందే లేదు.

ఇంకో మంచి దారి కూడా ఉంది. ఆ కుర్రాడికి 1.6 టీబీ అంతా ఎందుకు? ఈ నెల ఆల్బమ్‌ల ఫోల్డర్ ఒక్కటే వేరుగా పంచండి. పాత పెళ్లిళ్లన్నీ స్టూడియోలో, ఇంట్లో ఉంటే చాలు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రివ్యూ ఫైళ్లు, క్యాష్ ఫోల్డర్లు కూడా ఇగ్నోర్ లిస్ట్‌లో వేయండి. అవి పోయినా మళ్లీ తయారవుతాయి.

హాస్టల్ తమ్ముడూ, నీ ప్రశ్న మరిచిపోలేదు. అసలు ఈ థ్రెడ్‌లో నిజంగా అరిగే డిస్క్ నీదే. ఎస్‌ఎస్‌డీలో చదవడానికి ఖర్చు లేదు గానీ రాయడానికి లెక్క ఉంది. ఉదాహరణకు శాంసంగ్ 870 ఈవో 250 జీబీకి కంపెనీ ఇచ్చే హద్దు 150 టీబీ రాత, 1 టీబీ మోడల్‌కి 600. మామూలు వాడకానికి అది ఎన్నో ఏళ్లు వస్తుంది. కానీ నీ వర్చువల్ మెషీన్ డిస్క్ ఒకటే పెద్ద ఫైల్. అందులో ఒక్క మూల మారినా సింక్‌థింగ్ అవతలి వైపు ఏం చేస్తుందంటే, మారిన ముక్కలను మాత్రమే నెట్‌లో తెచ్చుకుంటుంది, బాగుంది. కానీ ఆ ముక్కలను పాత ఫైల్‌లో అతకదు. పక్కన కొత్త తాత్కాలిక ఫైల్ తెరిచి, మారని ముక్కలను పాతదాంట్లోంచి కాపీ చేసి, మారినవి చేర్చి, చివర్లో పేరు మారుస్తుంది. మధ్యలో కరెంటు పోయినా పాత ఫైల్ చెడకుండా ఉండటం కోసం చేసిన మంచి ఏర్పాటే ఇది. నీ విషయంలో మాత్రం ఖరీదవుతుంది. ఫైల్ 40 జీబీ అనుకో, రోజుకు పదిసార్లు సింక్ అయితే ల్యాబ్ ఎస్‌ఎస్‌డీ మీద 400 జీబీ రాత. 150 టీబీ 375 రోజుల్లో ఖాళీ.


హాస్టల్_రూమ్_14
బుధవారం, మధ్యాహ్నం 1:15

బాబోయ్, నా ఫైల్ సరిగ్గా 38 జీబీ అన్నా. ల్యాబ్ సిస్టమ్ మా సార్‌ది. ఇప్పుడే ఆ ఫోల్డర్‌ని సింక్‌లోంచి తీసేశాను. కోడ్ ఫోల్డర్ ఒక్కటే ఉంచాను, అది 60 ఎంబీ కూడా లేదు. వర్చువల్ మెషీన్‌ని ఆదివారం షట్‌డౌన్ చేసి ఒకసారి కాపీ చేసుకుంటాను. నడుస్తుండగా కాపీ అయిన ఇమేజ్ తెరుచుకుంటుందో లేదో కూడా గ్యారంటీ లేదని మా సీనియర్ చెప్పాడు.


లెక్కల_పద్దు
బుధవారం, మధ్యాహ్నం 3:50

అదే మాట టాలీకి కూడా వర్తిస్తుంది. తెరిచి పని చేస్తుండగా సింక్ అయితే సగం పాత డేటా, సగం కొత్త డేటా కలిసిపోతాయి. మేము ఇప్పుడు సాయంత్రం టాలీ మూసేశాక, అందులోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో ఒక ఫైల్ తీసి, ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ని మాత్రమే సింక్‌లో ఉంచాం. అసలు డేటా ఫోల్డర్‌ని సింక్ ముట్టుకోదు.

స్టూడియో గారూ, ట్రాష్ క్యాన్ వర్షనింగ్ పెట్టుకోండి. ఒక మెలిక ఉంది, నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మీ కంప్యూటర్‌లో మీరే డిలీట్ చేసిన ఫైల్‌ని అది మీ దగ్గర దాచదు. అవతలి నుంచి వచ్చిన డిలీట్‌ని, మార్పుని మాత్రమే దాస్తుంది. కాబట్టి స్టూడియోలో ఒక్కచోటే ఆన్ చేస్తే సరిపోదు, ఇంట్లో కూడా ఉండాలి. అప్పుడే స్టూడియోలో పొరపాటున పోయింది ఇంట్లో దొరుకుతుంది.


ఎడిసన్_గుంటూరు
గురువారం, ఉదయం 6:40

మెకానిక్ గారి భాగహారం చూసి నా నాస్‌లు రెండూ తెరిచి చూసుకున్నాను. సీ1 రెండు చోట్లా 2,000 లోపే ఉంది. నాస్ డిస్కులు తొందరపడి పార్క్ చేయవు, ఆ తేడా ఇప్పుడు అర్థమైంది.

అన్నయ్యగారూ, ఒక్క విషయం. మీ మూడు డిస్కులూ బాగున్నాయని రీడింగులు చెప్పినా పూర్తిగా నమ్మకండి. నేను చెప్పిన ఆ గూగుల్ పేపర్‌లోనే, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయని ఉంది. సింక్‌లో లేని నాలుగో కాపీ ఒకటి ఉండాలి. పెళ్లి డెలివరీ ఇచ్చేదాకా అయినా, ఒక డిస్క్‌లో వేసి, తీగ పీకి, బీరువాలో పెట్టండి.


సీటీసీ_మెకానిక్
గురువారం, ఉదయం 10:10

బీరువా మాట బంగారం. దాన్ని ఆరు నెలలకోసారి తీసి, తగిలించి, మొత్తం ఒకసారి చదివించండి. బలహీనపడిన సెక్టార్ ఉంటే అప్పుడే బయటపడుతుంది. మీ బావగారు చదవడం వల్ల అరుగుతుందనుకుంటున్నారు కానీ, ఏళ్ల తరబడి ఎవరూ చదవని డిస్క్‌లోనే నాకు ఎక్కువ దిగులు.


భీమవరం_స్టూడియో
తర్వాతి బుధవారం, రాత్రి 9:45

వారం అయింది, ఏం జరిగిందో చెప్పడానికి వచ్చాను.

పాలకొల్లుకి నేనే వెళ్లాను. గమనించే ఆప్షన్ ఆన్ చేసి, రీస్కాన్ 3,600 పెట్టాను. కుర్రాడికి ఈ నెల ఆల్బమ్‌ల ఫోల్డర్ ఒక్కటే, 210 జీబీ, ఉంచాం. ఈ రోజు సీ1 చూసి చెప్పమన్నాను. 1,71,000 పైన వారంలో పెరిగింది 260. ఇంతకుముందు నాలుగున్నర గంటల్లో పెరిగేది. వేడి 49 నుంచి 43కి దిగింది. టిక్ శబ్దం ఎప్పుడో గానీ వినపడటం లేదన్నాడు.

ఇంట్లో యూపీఎస్ పెట్టాం, కేబుల్ మార్చాం. సీ7 43 దగ్గరే ఆగి ఉంది. స్టూడియోలో పెళ్లిళ్ల ఫోల్డర్‌ని సెర్చ్ ఇండెక్సింగ్‌లోంచి తీసేశాక కటకట చాలావరకు పోయింది.

బావగారికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. బోరు మోటారు మాట దగ్గర ఆగి, "అదీ నేను అన్నది" అన్నారు. తర్వాత ఆయనే కూర్చుని మూడు కంప్యూటర్ల రీడింగులు నెలనెలా రాయడానికి ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసి ఇచ్చారు.

నిన్న వర్షనింగ్ పరీక్షించాం. స్టూడియోలో ఒక పెళ్లి ఫోల్డర్‌ని కావాలనే డిలీట్ చేశాను. దాని కాపీ ముందే బీరువా డిస్క్‌లో ఉంది, అయినా చెయ్యి వణికింది. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ చూసి, ఫోల్డర్ పోయిందని చెప్పింది. డాట్ ఎస్‌టీవర్షన్స్ అనే ఫోల్డర్ తెరవమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తలంబ్రాల ఫోటోలు కనపడుతున్నాయండీ, అన్నీ ఉన్నాయి" అంది.